ధర్మాసుపత్రికి డబ్బెక్కడిది?

(శ్రీకాకుళం జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం వార్షికోత్సవ సభలో విశ్రాంత సబ్ ట్రెజరీ అధికారి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న అమ్మలూ, వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నేను డాక్టర్ని కాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో పనిచేశాను. ట్రెజరీ అంటే ఖజానా. కాబట్టి జబ్బుల గురించి నన్నడక్కండి. జబ్బుకయ్యే డబ్బు ఏ దారిన వస్తుంది, ఏ దారిన పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది, అది మాత్రం నా కళ్లతో చూశాను. నా చేత్తో ఆపాను కూడా. ఆ సంగతీ చెప్తాను.

మా అమ్మ సర్కారు ఆసుపత్రిని చివరిదాకా ధర్మాసుపత్రి అనే అనేది. మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ అదే మాట. ధర్మాసుపత్రి. వినడానికి ఎంత చల్లగా ఉంది, కదూ? కానీ ఆ మాటలో ఒక చిక్కుంది. ధర్మం అంటే ఎవరో పెట్టారు, మనం చెయ్యి చాచాం అని. ధర్మం పెట్టినవాణ్ణి నిలదీయలేం. మందు లేదంటే సరే అని వచ్చేస్తాం. డాక్టరుగారు రాలేదంటే రేపొస్తాం అంటాం. మరి ఆ ధర్మం చేసిందెవరు? ఆ డబ్బెక్కడిది? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రశ్న మీదే.

పొద్దున్న లేచి సబ్బు రుద్దుకున్నారా? ఆ సబ్బు ధరలో జీఎస్టీ ఉంది. మొన్న 2025 సెప్టెంబరులో తగ్గించారు, 18 శాతం ఉన్నది 5 అయింది. అయినా ఉంది. అందులో సగం రాష్ట్రానికి, సగం కేంద్రానికి. బండి మీద ఇక్కడికొచ్చారా? పెట్రోలు జీఎస్టీలోకి రాదు. దాని మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, ఆపైన రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. పొలం రిజిస్ట్రేషన్ చేయించుకుంటే స్టాంపు డ్యూటీ. ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లే ప్రభుత్వాన్ని పోషిస్తున్నట్టు కొందరు మాట్లాడతారు. కాదండీ. కూలికి వెళ్లే మనిషి పిల్లాడికి చెప్పులు కొన్నప్పుడు పన్ను కట్టాడు. రోజంతా కడుతూనే ఉన్నాడు. రసీదు చేతికి రాదు కాబట్టి కట్టినట్టు అతనికే తెలియదు.

ఢిల్లీలో పోగైన పన్నుల్లోంచి మళ్లీ రాష్ట్రాలకి వాటా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా వేసిన లెక్కలో, పంచాల్సిన వంద రూపాయల్లో 41 రూపాయలు రాష్ట్రాలన్నిటికీ కలిపి. ఆ రాష్ట్రాల వాటాని మళ్లీ వంద చేస్తే అందులో ఆంధ్రప్రదేశ్‌కి నాలుగు రూపాయల చిల్లర, తెలంగాణకి రెండు రూపాయల చిల్లర. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పంచాల్సిన వంద అన్నాను. సెస్సులు, అంటే ఒక పని పేరు చెప్పి వేసే అదనపు పన్నులు, ఆ పంపకంలోకి రావు. 2018 నుంచి ఇన్‌కంటాక్స్ మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు వసూలు చేస్తున్నారు. పేరులో ఆరోగ్యం ఉంది. కానీ సెస్సు కాబట్టి రాష్ట్రాలకి అందులో వాటా లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూస్తే ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆసుపత్రి నడిపే బరువు రాష్ట్రానిది. ఆరోగ్యం పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము మీద పెత్తనం కేంద్రానిది. నాకిది న్యాయంగా అనిపించదు. జాతీయ ఆరోగ్య మిషన్ లాంటి పథకాల రూపంలో కేంద్రం డబ్బిస్తుంది, కాదనను. అందులోనూ వందకి అరవై వాళ్లది, నలభై మనది. మన నలభై మనం వెయ్యకపోతే వాళ్ల అరవైకీ ఇబ్బందే.

ఇప్పుడు అసలు లెక్క. బోర్డు లేదు కాబట్టి వేళ్ల మీద వేద్దాం. వెయ్యి గడపల ఊరు అనుకోండి. ఏడాదిలో పది ఇళ్లలో పెద్ద జబ్బు వచ్చింది, ఒక్కొక్కరికి రెండేసి లక్షలు ఖర్చు. మొత్తం ఇరవై లక్షలు. ఆ పది ఇళ్లూ ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకుంటే ఏమవుతుంది? పది ఇళ్లూ మునుగుతాయి. తాకట్టు, అప్పు, పొలం అమ్మకం. అదే వెయ్యి గడపలూ పంచుకుంటే? గడపకి రెండు వేలు. నెలకి నూట డెబ్బై కూడా కాదు. జబ్బు అదే, డాక్టరు అదే, ఖర్చు అదే. జబ్బు రాకముందే అందరూ కలిసి కట్టారా, వచ్చాక ఒక్కడే కట్టాడా, తేడా అంతా అక్కడే ఉంది.

మన ఆడవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. చీటీ కట్టనివాళ్లు ఇక్కడెవరున్నారు? కాకపోతే మామూలు చీటీలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు పాడుకుంటారు. ఈ చీటీలో పాట ఎత్తాల్సిన అవసరమే రానివాడు అదృష్టవంతుడు. పన్నుతో నడిచే వైద్యం అంటే ఇదే. గడపగడపకీ రెండేసి వేలు కాకుండా, ఉన్నవాడి దగ్గర ఎక్కువ, లేనివాడి దగ్గర తక్కువ తీసుకోవడం ఇందులో ఇంకో మేలు.

దేశం మొత్తం మీద ఈ చీటీ ఎంత నడుస్తోంది? కేంద్ర ప్రభుత్వమే జాతీయ ఆరోగ్య లెక్కలు అని వేస్తుంది. 2013-14లో వైద్యం మీద ఖర్చయిన ప్రతి వంద రూపాయల్లో 64 రూపాయలు జనం జేబులోంచి పోయాయి. 2021-22కి అది 39కి దిగింది. బాగా దిగింది, ఒప్పుకోవాలి. అదే కాలంలో ప్రభుత్వాల ఖర్చు జీడీపీలో 1.15 శాతం నుంచి 1.84 శాతానికి పెరిగింది. కానీ 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 నాటికి రెండున్నర శాతం పెడతామని రాసుకున్నారు. రాసుకున్నది అది, పెట్టింది ఇది.

మన జిల్లాకి వద్దాం. ఆరోగ్యశ్రీ మొదలైంది ఎక్కడ? 2007 ఏప్రిల్ 1న, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మన జిల్లా మొదటి మూడింట్లో ఒకటి. ఎందుకని? వెనకబడిన జిల్లాలు కాబట్టి. తెల్లకార్డు ఉంటే ప్రైవేటు ఆసుపత్రిలో కూడా గుండె ఆపరేషన్. కౌంటరు దగ్గర దారి చెప్పడానికి ఆరోగ్యమిత్ర అనే మనిషి. అప్పటిదాకా కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కని మనిషి చొక్కా జేబులో కార్డు పెట్టుకుని లోపలికి నడిచి వెళ్లాడు. అది చిన్న విషయం కాదు. ఎవరేమన్నా నేనది చిన్న విషయం అనను.

దానికి డబ్బెలా కట్టారు? మొదట ప్రభుత్వం ఇన్సూరెన్స్ కంపెనీకి కుటుంబానికింత అని ప్రీమియం కట్టింది, కంపెనీ ఆసుపత్రులకి కట్టింది. తర్వాత ప్రభుత్వం పెట్టిన ట్రస్టే నేరుగా ఆసుపత్రులకి కట్టే పద్ధతికి మారింది. పథకం పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2025లో మళ్లీ మన మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా ట్రస్టు అనే పద్ధతికి ఒప్పుకుంది. ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒకటి చెప్తాను. ప్రీమియం పద్ధతిలో ఈ ఏడాది ఖర్చెంతో ప్రభుత్వానికి ముందే తెలుస్తుంది. కానీ కంపెనీ అన్నాక లాభం చూసుకుంటుంది, క్లెయిము కాదనడానికి చూస్తుంది. ట్రస్టు పద్ధతిలో మధ్యలో లాభం తీసేవాడు లేడు. కానీ ఖజానాలో నగదు లేకపోతే ఆసుపత్రులకి బకాయి పడుతుంది. బకాయిలు పెరిగాయని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం కదా? ఈ రెండు పద్ధతుల్లో నేను ట్రస్టు వైపే. డబ్బు మనది కాబట్టి లెక్క మన దగ్గరే ఉండాలి. ఇంకో సంగతి, సర్కారు ఆసుపత్రిలో ఈ కార్డు మీద ఆపరేషన్ చేస్తే ఆ క్లెయిము డబ్బు సర్కారు ఆసుపత్రికే వస్తుంది. విశాఖ కేజీహెచ్ లాంటి వందేళ్ల ఆసుపత్రికి అలా వచ్చే రూపాయి చాలా అవసరం.

ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల ఆరోగ్య బీమా సంగతి ఒక్క మాటలో. పైడిభీమవరం కంపెనీల్లో మన పిల్లలు పనిచేస్తున్నారు. నెలకి 21 వేల లోపు జీతమైతే ఉద్యోగి వాటా వందకి 75 పైసలు, యాజమాన్యం వాటా 3 రూపాయల 25 పైసలు. పన్నెండు వేల జీతమైతే పిల్లాడి దగ్గర 90 రూపాయలు, కంపెనీ 390. ఆ కార్డు మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ వైద్యం ఉంటుంది. మీ అబ్బాయి పే స్లిప్ ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు ట్రెజరీకి వెళ్దాం. పేపర్లో పెద్దక్షరాలతో వస్తుంది, వైద్య ఆరోగ్య శాఖకి ఇన్ని వేల కోట్లు అని. అది కేటాయింపు. కేటాయింపు అంటే డబ్బు కాదు. శుభలేఖలో విందు అని అచ్చువేసినంత మాత్రాన కడుపు నిండదు, విస్తట్లో పడాలి. కేటాయింపు అయ్యాక ఆర్థిక శాఖ విడుదల చెయ్యాలి. బీఆర్ఓ అంటాం, బడ్జెట్ రిలీజ్ ఆర్డర్. అది వస్తేనే పద్దులో బ్యాలెన్సు కనబడుతుంది. వైద్యం, ప్రజారోగ్యం పద్దు నంబరు 2210. ఆ నంబరు నేను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. తర్వాత ఆసుపత్రి వాళ్లు బిల్లు పెట్టాలి, మేం పాస్ చెయ్యాలి, అప్పటికి ఖజానాలో నిజంగా నగదు ఉండాలి. నగదు తక్కువైతే? జీతాలు ఆపలేరు. పింఛన్లు ఆపలేరు. అప్పు మీద వడ్డీ ఆపితే రాష్ట్రం పరువు పోతుంది. మరి దేన్ని ఆపితే ఎవరూ అరవరు? మందుల బిల్లు. రోగుల భోజనం బిల్లు. జనరేటరు డీజిల్ బిల్లు. ఇవి ఆపితే ధర్నా చేసేవాళ్లెవరు? మంచం మీద ఉన్నవాడు చేస్తాడా?

ఒక ఏడాది మార్చి నెలాఖరు. ఊరి పేరు చెప్పను. చిన్న ఆసుపత్రి ఫార్మసిస్టు ఒకాయన ఫైలు చంకలో పెట్టుకుని బస్సు దిగి వచ్చాడు. అత్యవసరానికి బయట కొన్న మందుల బిల్లు. పదకొండు వేల చిల్లర. సెలైన్లు, ఇంజెక్షన్లు, దూది, గాజుగుడ్డ. పద్దు తీసి చూశాను. బ్యాలెన్సు లేదు. బిల్లు మీద ఎర్ర సిరాతో 'నిధులు లేవు, వాపసు' అని రాసి సంతకం పెట్టాను. రూలు ప్రకారం అది తప్పు కాదు. నేను పాస్ చేసి ఉంటే తప్పయ్యేది. ఆయన వాదించలేదు. "షాపువాడికి నా పూచీ మీద తెచ్చానండి" అన్నాడు, అంతే. మంచినీళ్లిస్తే తాగి, ఫైలుకి మళ్లీ దారం కట్టుకుని వెళ్లిపోయాడు. మార్చి 31 దాటితే ఆ ఏడాది పద్దు మూసేస్తారు. పాత బిల్లు కొత్త పద్దులో పెట్టాలంటే మళ్లీ అనుమతులు. ఆ బిల్లు తిరిగి నా బల్ల మీదకి రాలేదు. అంటే ఆ పదకొండు వేలు ఎవరు కట్టినట్టు? ఆయన జీతంలోంచే కట్టుకుని ఉంటాడు. ఇప్పుడు కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి, సీఎఫ్ఎంఎస్ అంటారు. వాపసు ఇప్పుడు తెర మీద వస్తుంది.

దీనికి దారి లేదా? ఉంది. పక్కనే ఉంది. తమిళనాడు 1994లో మందులు కొనడానికి ఒక ప్రత్యేక సంస్థ పెట్టుకుంది, మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ అని. రాష్ట్రం మొత్తానికి ఒకే చోట టెండరు. లక్షల్లో కొంటే ధర దిగుతుంది కదా, మన సంతలో కూడా అంతే కదా? వచ్చిన సరుకుని ల్యాబులో పరీక్ష చేయించాకే ఆసుపత్రులకి వెళ్తుంది. నాకు బాగా నచ్చింది వేరే. అక్కడ ఆసుపత్రికి ఒక పాస్‌బుక్ ఉంటుంది. మన బ్యాంకు పాస్‌బుక్ లాగే. ఈ ఏడాది నీకు ఇంత విలువ మందులు, ఇప్పటిదాకా ఇంత వాడావు, ఇంత మిగిలింది. గిడ్డంగికి వెళ్లి, పాస్‌బుక్ చూపించి, తమకి కావలసింది తెచ్చుకుంటారు. ఎంత మామూలు ఆలోచనో చూడండి. తర్వాత చాలా రాష్ట్రాలు ఈ దారి పట్టాయి, మనకీ ఇలాంటి కార్పొరేషన్ ఉంది. కానీ సంస్థ ఉంటే చాలదు, దానికి డబ్బు వేళకి అందాలి. మళ్లీ మాటిమాటికీ అక్కడికే వస్తున్నాను, వేళకి అందాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి, మా అన్నయ్య. మన జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోట. బీపీ ఉందని మా ఊరి ఏఎన్ఎం పట్టుకుంది, పుస్తకంలో రాసింది, ఆవిడ పని ఆవిడ చేసింది. పీహెచ్‌సీలో నెలకి ముప్పై మాత్రలివ్వాలి. స్టాకు చాలక పది ఇచ్చేవారు, మిగతావి బయట కొనుక్కోమనేవారు. బయట మాత్ర రెండు మూడు రూపాయలు. మనకి అదెంత? అన్నయ్య మాత్రం తల తిరిగిన రోజే వేసుకునేవాడు, పొదుపుగా. "ఇవాళ బాగానే ఉందిరా, మాత్రెందుకు వృథా" అనేవాడు. ఆ మాట నాతోనే అన్నాడు. ఒక తెల్లవారుజామున తోటలో పడిపోయాడు. 108 వెంటనే వచ్చింది. విశాఖలో పెద్ద ఆసుపత్రి. కార్డు మీద వైద్యమంతా ఉచితం, పైసా అడగలేదు, అదీ నిజమే. కానీ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇంటికొచ్చాక ఏడాదిన్నర ఫిజియోథెరపీకి కార్డు లేదు. వదిన జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లడం మానేసి ఆయన పక్కన కూర్చుంది. నలభై సెంట్ల తోట అమ్మారు.

చూడండి, లక్షల బిల్లుకి ప్రభుత్వం దగ్గర డబ్బు దొరికింది. మూడు రూపాయల మాత్రకి దొరకలేదు. దొరకలేదు అనడం కూడా తప్పేమో. దొరికింది, వేళకి అందలేదు. పెద్ద ఆపరేషన్ ఫొటోలో పడుతుంది. రాకుండా ఆగిపోయిన పక్షవాతం ఏ ఫొటోలో పడుతుంది? 2017 విధానంలోనే రాసుంది, ఆరోగ్యం మీద పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలని. అంటే పీహెచ్‌సీకి, ఏఎన్ఎంకి, ఇదిగో ఈ ముందు వరసలో కూర్చున్న ఆశా అమ్మాయిలకి. 1946లో, దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ కూడా దాదాపు ఇదే చెప్పింది, వైద్యం ఊరికి దగ్గరగా ఉండాలి, డబ్బు కట్టలేడని ఎవరికీ వైద్యం ఆగకూడదు అని. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు మాట.

ఉద్దానం పేరెత్తాక కిడ్నీల సంగతి చెప్పకుండా ఉండలేను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల్లో డయాలసిస్ అనే మాట తెలియని పిల్లవాడు లేడు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి నూట యాభైకి పైగా. అది బతికున్నన్నాళ్లూ. ఆ ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది, నెలకి పదివేల పింఛనూ ఇస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి ఈ ఊళ్లకి మంచినీళ్లు తెచ్చే పథకం కూడా, దాదాపు 700 కోట్లతో. జబ్బుకి నీళ్లే కారణమని ఇంకా తేలలేదు, ఆ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పాలి. కానీ ఆ పైపు కూడా ఆసుపత్రి ఖర్చే అంటాను నేను. పద్దు నంబరు వేరు కావచ్చు. మంచినీళ్లు ఒక శాఖ, డయాలసిస్ ఇంకో శాఖ. శరీరం మాత్రం ఒకటే కదా.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. డబ్బు లేదు, ఎక్కడినుంచి తెస్తారు అంటారు. థాయ్‌లాండ్ 1997లో దివాళా అంచుకి వెళ్లింది. నాలుగైదేళ్లు తిరక్కుండానే, 2001లో, ముప్పై బాట్లు, బాటు అంటే వాళ్ల రూపాయి, కడితే ఏ జబ్బుకైనా వైద్యం అనే పథకం పెట్టింది. 2002లో చట్టం చేసింది. డబ్బంతా పన్నుల్లోంచే. ఊళ్లో ఎంతమంది పేర్లు నమోదయ్యాయో, తలకి ఇంత అని ఆసుపత్రికి ముందే ఇచ్చేస్తారు. జనం జబ్బు పడకుండా చూసుకుంటే ఆసుపత్రికే మిగులు. దాంతోపాటు సారా, పొగాకు పన్ను మీద అదనంగా 2 శాతం వేసి, ఆ సొమ్ముని జబ్బులు రాకుండా చూసే పనికే కట్టేశారు.

మనకీ మద్యం పన్ను ఉంది. బోలెడుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి వ్యతిరేకంగా మొదలెట్టిన పోరాటం ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఖజానాకి గండి పడిందని ఒక పెద్ద కారణం. అప్పుడు ట్రెజరీలో కూర్చున్నవాణ్ణి, ఆ గండి నేనూ చూశాను. కానీ తాగించి తెచ్చిన డబ్బుతో కాలేయానికి వైద్యం చేయించడం నాకు మింగుడు పడదు. ఆ రాబడి ఉన్నంతకాలం కనీసం అందులో ఒక వాటా పీహెచ్‌సీ మందులకని చట్టంలో రాయమని అడగొచ్చు కదా? ఎవరు అడగాలి? కట్టినవాళ్లే అడగాలి.

ఆ బల్ల మీద కొన్ని జిరాక్స్ కాగితాలు పెట్టాను. మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో వైద్య ఆరోగ్య శాఖ పేజీలు. ఎవరైనా చూడొచ్చు, రహస్యం కాదు, ఆర్థిక శాఖ వెబ్‌సైటులో ఉంటాయి. ప్రతి వరుసలో నాలుగు గళ్లుంటాయి. చివరి గడి వచ్చే ఏడాది అంచనా, పేపర్లో వచ్చేది అదే. మీరు మాత్రం మొదటి గడి చూడండి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది అందులో ఉంటుంది. ఆ ఏడాది అంచనా ఎంతో పాత పుస్తకంలోది పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచాను. మందుల వరుస కింద గీత కొట్టాను. తలా ఒకటి తీసుకెళ్లండి. కళ్లజోడు తెచ్చుకోనివాళ్లు ఇటు రండి, నేను చదివి వినిపిస్తాను.